మైలుతుత్తం పట్టిచ్చిన ఇనుము: చంద్రుడి మట్టి నకలు మీద ఒక కేస్ స్టడీ

చంద్రుడి మట్టికి నకలుగా చేసిన పొడిని వంద గ్రాములు అయస్కాంతపు రోల్ మీద పోస్తే 21 గ్రాములు అయస్కాంతం వైపు వచ్చాయి. మేం లెక్కవేసుకున్నది 14, మహా అయితే 15. పని ఇచ్చిన హైదరాబాద్ కుర్రాళ్ళకి ఫోన్ చేసి చెబితే "రికవరీ అదిరింది మేడమ్" అని సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఖనిజాల పరీక్షలు చేస్తున్నదాన్ని. రాయి మనం అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చిందంటే అందులో ఏదో కలిసిందన్నమాట.

ఏం కలిసిందో తేల్చడానికి అయిదు వారాలు పట్టింది. తప్పు మా షెడ్డులోదే కాబట్టి దాచుకోవాల్సింది ఏమీ లేదు. చంద్రుడి మట్టికి నకలు తయారుచేసేవాళ్ళకీ, దాంతో ప్రాజెక్టులు చేసే ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకీ ఉపయోగపడాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పని ఏమిటంటే

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న మినరల్ టెస్టింగ్ షెడ్డు. ఒక జా క్రషర్, ఒక బాల్ మిల్లు, జల్లెళ్ళు, రెండు ఓవెన్లు, ఒక ట్యూబ్ ఫర్నేస్. మా దగ్గరికి మామూలుగా వచ్చేవి ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, బెరైటీస్, పల్నాడు సున్నపురాయి. 2025 జులైలో హైదరాబాద్ నుంచి ఒక చిన్న బృందం వచ్చింది. చంద్రుడి మట్టిలోంచి ఆక్సిజన్ తీసే పద్ధతి మీద వాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళకి కావాల్సినవి రెండు: 20 కిలోల సిమ్యులెంట్, అంటే చంద్రుడి మట్టిని పోలిన పొడి, అందులోంచి ఇల్మనైట్ అనే ఖనిజాన్ని ఎలా వేరుచేయొచ్చో చెప్పే రిపోర్టు.

అసలు మట్టి ఎందుకు వాడరని మా షెడ్డులో పిల్లలు అడిగారు. 1969 నుంచి 1972 దాకా ఆరు అపోలో యాత్రలు కలిపి తెచ్చింది 382 కిలోలు. చైనా వాళ్ళ చాంగ్-ఇ 5 2020లో 1,731 గ్రాములు, చాంగ్-ఇ 6 2024లో చంద్రుడి అవతలి వైపు నుంచి 1,935 గ్రాములు తెచ్చాయి. భూమ్మీదున్న ఆ కాస్తలోంచి ఎవరైనా గ్రాముల లెక్కన ఇస్తారే తప్ప, మిల్లులో పోసి చూసుకోమని కిలోలు ఇవ్వరు. మన ఇస్రోకీ ఈ ఇబ్బంది వచ్చింది. చంద్రయాన్ ల్యాండర్‌నీ రోవర్‌నీ నేలమీద పరీక్షించాలంటే టన్నుల కొద్దీ మట్టి కావాలి. తమిళనాడులో నామక్కల్ జిల్లా సీతంపూండి దగ్గర దొరికే అనార్థొసైట్ అనే తెల్లటి ఫెల్డ్‌స్పార్ రాయిని పిండి చేసి వాళ్ళే తయారుచేసుకున్నారు. ఆ పద్ధతికి 2020లో పేటెంటు కూడా వచ్చింది.

చంద్రుడి మట్టిలో బరువు ప్రకారం నలభై శాతం పైన ఆక్సిజనే. కాకపోతే అది సిలికాన్‌కో, అల్యూమినియంకో, కాల్షియంకో గట్టిగా పట్టుకుని ఉంటుంది. వీటన్నిటిలో కొంచెం సులువుగా విడిపోయేది ఇల్మనైట్. అది ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన నల్లటి ఖనిజం. దాన్ని 900 నుంచి 1,000 డిగ్రీల వేడిలో పెట్టి హైడ్రోజన్ పంపితే ఇనుముకి అంటుకుని ఉన్న ఆక్సిజన్ మాత్రం ఊడివచ్చి నీరవుతుంది. మిగిలేది ఇనుము, టైటానియం డయాక్సైడ్. ఆ నీటిని కరెంటుతో విడగొడితే ఆక్సిజన్ మనకి, హైడ్రోజన్ మళ్ళీ ఫర్నేస్‌కి. స్వచ్ఛమైన ఇల్మనైట్ వంద కిలోలుంటే ఈ దారిలో వచ్చే ఆక్సిజన్ పదిన్నర కిలోలు, అంతకు మించి రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చంద్రయాన్-3 దిగింది దక్షిణ ధ్రువం వైపు ఎత్తైన ప్రాంతంలో. ప్రజ్ఞాన్ అక్కడ చూసిన మట్టి అనార్థొసైట్ రకం. అలాంటి చోట టైటానియం తక్కువ కాబట్టి ఇల్మనైట్ దారి పనికిరాదు. అపోలో 11, అపోలో 17 దిగిన నల్లటి మైదానాల మట్టికి ఈ దారి సరిపోతుంది. బృందం అనుకున్నదీ ఆ మట్టినే. కాబట్టి మేం చేయాల్సింది "చంద్రుడి మట్టి" కాదు, అయస్కాంతం ముందూ హైడ్రోజన్ ముందూ ఆ మైదానపు మట్టిలా నడుచుకునే పొడి. ఈ తేడా మొదటిరోజే నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నదాన్ని చివరిదాకా పట్టుకుని ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

రాయి

ముందు పంగిడి వైపు బసాల్ట్ చూశాం. రాజమండ్రి ట్రాప్స్ అంటారు దాన్ని, పాతకాలపు లావా. చంద్రుడి మైదానాలూ లావా గడ్డకట్టినవే కాబట్టి అన్నిటికంటే దగ్గరి చుట్టం అదే. కానీ మాకు దొరికిన రాళ్ళు వానకీ ఎండకీ మెత్తబడి, లోపల బంకమన్ను పట్టి ఉన్నాయి. ఫర్నేస్‌లో పెడితే ఆ బంకమన్నులోని నీరు బయటికొస్తుంది. మేం కొలవాల్సిందే నీరు. అందుకని వదిలేశాం.

తర్వాత చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అని అందరం పిలుస్తాం గానీ అది అసలు గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. కాల్షియం ఉన్న ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ (కొంచెం ఇనుమున్న నల్లటి ఖనిజం), మధ్యలో చుక్కల్లా మెరిసే బ్రాంజైట్. క్వారీల పక్కన వేస్టు రాయి గుట్టలు గుట్టలుగా ఉంటుంది. తాజా రాయి, నీరు పట్టనిది. ఫ్యాక్టరీ బురద అయితే పొడి కొట్టే పని తప్పుతుంది, ఊరికే ఇస్తామన్నారు కూడా. నేనే వద్దన్నాను. రాయిని పలకలుగా కోసే గ్యాంగ్‌సా రంపం కింద వచ్చే ఆ బురదలో స్టీల్ గ్రిట్ (ఉక్కు నూక), సున్నం కలిసి ఉంటాయి. ఇనుము కలిసిన పొడితో అయస్కాంతం పరీక్ష ఎలా చేస్తాం? కోసిన ముక్కలే తెప్పించి, కడిగి, ఎండబెట్టి వాడాం. బురదలో వద్దనుకున్న ఇనుము మిల్లు దారిన లోపలికి వస్తుందని ఆ రోజు తట్టలేదు.

ఇల్మనైట్‌ని ఒక సరఫరాదారు దగ్గర కొద్దిగా కొన్నాం. బీచ్ ఇసుక రకం. చంద్రుడి మీది ఇల్మనైట్‌కి తుప్పు రకపు ఇనుము, అంటే ఆక్సిజన్ ఇంకాస్త ఎక్కువ పట్టుకున్న ఇనుము, ఉండదు, మన సముద్రపు ఒడ్డున దొరికేదానికి కొంత ఉంటుంది. ఈ తేడాకి లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. వందకి పది గ్రాముల ఇల్మనైట్, తొంభై గ్రాముల చీమకుర్తి పొడి, ఇదీ మా మిశ్రమం.

పొడి

క్రషర్‌లో రాయిని ఒక మిల్లీమీటరు కిందికి తెచ్చి, ఫెర్రైట్ అయస్కాంతం పలక కింద నుంచి పోనిచ్చాం. గాబ్రోలో కొంచెం మాగ్నటైట్ (అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే ఇనుప ఖనిజం) ఉంటుంది, చంద్రుడి మట్టిలో అది దాదాపు ఉండదు. కాబట్టి దాన్ని ముందే తీసేశాం. ఆ తర్వాత బాల్ మిల్లు. 12 కిలోల స్టీలు గుండ్లు, విడతకి 4 కిలోల రాయి, మూడు గంటలు. ఆరు విడతల్లో 24 కిలోలు. చంద్రుడి మట్టి రేణువు సగటున 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, ఆ కొలత కోసమే జల్లెళ్ళు వరసగా పెట్టి చూసుకున్నాం.

ఆగస్టులో విజయవాడ గాలి సంగతి తెలిసిందే. ఒళ్ళు ఆరదు, బట్టలు ఆరవు. 45 మైక్రాన్ల జల్లెడ మీద పొడి ఉండలు కట్టి దిగనని మొండికేసింది. 110 డిగ్రీల్లో ఒక రోజంతా ఓవెన్లో ఉంచి, గట్టి మూత డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వం కదా, అంత నిష్ఠగా చూసుకున్నాం. ఎవరు ఎప్పుడు మూత తీశారో డబ్బా మీదే రాయించాను. దుమ్ము విషయంలో కూడా పట్టుబట్టి అందరికీ ఎన్95 మాస్కులు ఇచ్చాను. చీపురు బంద్, తడిగుడ్డతోనే తుడవాలి. ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. కాలేజీ ల్యాబుల్లో ముక్కుకి కర్చీఫు కట్టుకుని పనిచేసే పిల్లల్ని చూస్తుంటే భయమేస్తుంది.

వేరుచేసే రోల్‌ని ఆటోనగర్‌లోనే చేయించాం. నియోడిమియం రింగులు ఎక్కించిన షాఫ్టు, దాని మీద పల్చటి బెల్టు. పొడి బెల్టు మీద సాగి రోల్ దగ్గరికి వచ్చినప్పుడు అయస్కాంతం లాగేది కిందికి అంటుకుని ఆలస్యంగా రాలుతుంది, మిగతాది ముందుకి ఎగిరిపడుతుంది. వేగం సర్దితే ఇల్మనైట్‌తోపాటు కొంచెం పైరాక్సీన్ మాత్రమే వచ్చేలా చేసుకోవచ్చు. మా లెక్క ప్రకారం పది గ్రాముల ఇల్మనైట్‌కి నాలుగైదు గ్రాముల పైరాక్సీన్ తోడొస్తుంది. అలా 14, 15.

వచ్చింది 21.

ఫర్నేస్ ఒప్పుకోలేదు

కాన్సంట్రేట్‌లో, అంటే అయస్కాంతం వైపు వచ్చిన పొడిలో, 10 గ్రాములు అల్యూమినా బోటులో (వేడికి తట్టుకునే చిన్న తొట్టిలో) పెట్టి 950 డిగ్రీల దగ్గర పదిగంటలు ఉంచాం. స్వచ్ఛమైన హైడ్రోజన్ మా షెడ్డులో వాడను. ఆర్గాన్‌లో అయిదు శాతం హైడ్రోజన్ కలిపిన సిలిండరు వాడతాం, ప్రమాదం చాలా తక్కువ. అయినా బయటికి పోయే గొట్టం గోడ దాటాల్సిందే. బోటు బరువు ఎంత తగ్గిందో చూస్తాం. బయటికొచ్చే నీటిని పట్టే గొట్టం బరువు ఎంత పెరిగిందో చూస్తాం. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం: బోటులోంచి 8 పాళ్ళ ఆక్సిజన్ పోతే గొట్టంలో 9 పాళ్ళ నీరు చేరాలి.

ఒకవేళ ఇల్మనైట్ మొత్తం ఆ 21 గ్రాముల్లోకి వచ్చి ఉంటే బరువు అయిదు శాతం తగ్గాలి. తగ్గింది 2.3 శాతం. పైగా గొట్టంలో చేరాల్సిన నీటికంటే ఎక్కువ చేరింది. అంటే రెండు సాక్ష్యాలకీ పొంతన లేదు.

మొదటి అనుమానం తేమ మీద. చూస్తే సిలిండరుకీ ఫర్నేస్‌కీ మధ్య ఉన్న సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగులోకి తిరిగి ఉంది. ఎవరూ గమనించలేదు. గ్యాస్‌తోపాటు తేమ వస్తోంది, అది గొట్టం బరువు పెంచడమే కాదు, హైడ్రోజన్ పనిని కూడా అడ్డుకుంటుంది. ఇల్మనైట్ దగ్గర హైడ్రోజన్‌కి ఉన్న బలహీనత ఇది. వెయ్యి డిగ్రీల్లో కూడా పంపిన హైడ్రోజన్‌లో దాదాపు పదో వంతు నీరయ్యేసరికి చర్య ఆగిపోతుంది. చంద్రుడి మీద కట్టే ప్లాంటులోనూ నీటిని ఎప్పటికప్పుడు తీసేసి గ్యాస్‌ని తిప్పితిప్పి పంపుతూ ఉండాలి.

జెల్ మార్చాం, గొట్టాల జాయింట్లన్నీ సబ్బు నీళ్ళతో చూశాం, మళ్ళీ నడిపాం. ఈసారి 8కి 9 లెక్క కుదిరింది. హమ్మయ్య అనుకున్నాం. కానీ బోటు బరువు మాత్రం మళ్ళీ 2.3 శాతమే తగ్గింది. ఒక తప్పు దొరికింది, దిద్దాం. అసలు సమస్య కదల్లేదు. ఈ దశ చాలా ప్రమాదకరం. ఒక కారణం దొరికాక మనసు వెతకడం మానేస్తుంది. నేనూ పదిరోజులు ఫర్నేస్ చుట్టూనే తిరిగాను. వేడి కొలిచే థర్మోకపుల్ మార్చాను, వేడి పెంచాను, టైము పెంచాను.

చివరికి చేయాల్సిన పరీక్ష చేశాను. కొన్న ఇల్మనైట్‌నే, ఏమీ కలపకుండా, 5 గ్రాములు పెట్టాను. బరువు 11 శాతం తగ్గింది. తుప్పు రకపు ఇనుము కొంత ఉంది కాబట్టి పదిన్నర మీద ఆ మాత్రం ఎక్కువ రావడం సబబే. అంటే ఫర్నేస్ బంగారంలా పనిచేస్తోంది. తిరగేసి లెక్క కడితే మా 21 గ్రాముల్లో ఇల్మనైట్ 4.4 గ్రాములే ఉంది. పదిలో సగం కూడా రాలేదు. మరి మిగతా పదహారున్నర గ్రాములు ఏమిటి? రాని ఇల్మనైట్ ఎక్కడుంది?

పళ్ళెం, గుడ్డ, గ్లాసు

ఇల్మనైట్ బరువైన ఖనిజం, ఫెల్డ్‌స్పార్ కంటే ఒకటిన్నర రెట్లు పైనే. నీళ్ళలో పళ్ళెం ఊపి కడిగితే అడుగున నిలుస్తుంది. అయస్కాంతం వదిలేసిన పొడిని కడిగాం. పళ్ళెం అంచున నల్లటి చార తేలింది. రాని ఇల్మనైట్ అక్కడే ఉంది. కాన్సంట్రేట్‌ని కూడా అలాగే కడిగి, మిగిలినదాన్ని తెల్లటి ఫిల్టరు గుడ్డ మీద ఆరబెట్టాం. అప్పటికే పొద్దుపోయింది. ఓవెన్లో పెట్టకుండా బల్లమీదే వదిలేసి వెళ్ళాం.

పొద్దున్నే వచ్చి చూస్తే గుడ్డ మీద గోధుమరంగు మరకలు. ఆవగింజంత, కొన్ని జొన్నగింజంత. మా మిల్లు చూసుకునే పెద్దాయన్ని అందరం బాబాయ్ అంటాం, తెనాలి పక్క ఊరు ఆయనది.

"బాబాయ్, ఈ మరకలేంటి? తుప్పు చేత్తో ఏమైనా పట్టుకున్నారా?" అని అడిగాను.

ఆయన గుడ్డ ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. "నా చెయ్యి కాదమ్మా, పొడే తుప్పు పట్టింది. రాయి ఎక్కడైనా ఒక్క రాత్రిలో తుప్పు పడుతుందా?"

ఇల్మనైట్ తుప్పు పట్టదు, పైరాక్సీన్ పట్టదు, మాగ్నటైట్ కూడా ఒక్క రాత్రిలో పట్టదు. పట్టేది ఇనుమే, లోహంగా ఉన్న ఇనుము. దాన్ని నిర్ధారించే పెద్ద మిషన్లు మా దగ్గర లేవు. బయట ల్యాబుకి పంపితే రిపోర్టుకి వారం. ఇదంతా నేను ఆలోచిస్తుండగానే బాబాయ్ అన్నారు: "మైలుతుత్తం వేసి చూడమ్మా. నిమ్మతోటకి బోర్డో మందు కలిపినప్పుడు కత్తి ముంచి చూసేవాళ్ళం. కత్తి ఎర్రబడితే సున్నం చాలలేదని."

కెమిస్ట్రీ పుస్తకంలో చదివిందే, నాకు తట్టలేదు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. ఆ నీళ్ళలో లోహపు ఇనుము తగిలితే ఇనుము కరిగి దాని స్థానంలో రాగి పూత పడుతుంది. ఆక్సైడ్‌గా ఉన్న ఇనుము మీద పడదు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమంలో రైతు ఇనుప కత్తితో రాగిని పరీక్షిస్తాడు. మేం రాగితో ఇనుముని పరీక్షించాం, అంతే తేడా.

ఎరువుల కొట్లో పావుకిలో తెచ్చి, మూడు గాజు గ్లాసుల్లో పల్చగా కలిపాం. ఒకదాంట్లో కొన్న ఇల్మనైట్. రెండోదాంట్లో మిల్లుకి వెళ్ళని, క్రషర్ పొడి. మూడోదాంట్లో మిల్లు నుంచి వచ్చిన చీమకుర్తి పొడి, ఇల్మనైట్ కలపనిది. మొదటి రెండూ ఎలా వేశామో అలాగే ఉన్నాయి. మూడోదాంట్లో రెండు మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత బూడిదరంగు పొడి మధ్యలో అక్కడక్కడ కొత్త రాగిచెంబు రంగు మొదలైంది. భూతద్దం పెట్టి చూస్తే ఎర్రబడ్డవి విడి ఇనుప రేణువులే కాదు. తెల్లటి ఫెల్డ్‌స్పార్ రేణువుల మీద కూడా పెన్సిల్‌తో గీసినట్టున్న సన్నటి మరకలు ఎర్రబడ్డాయి.

అక్కడ మొత్తం అర్థమైంది. స్టీలు గుండ్లు అరిగి, ఆ అరుగుదల రాతి రేణువుల ఒంటికి పూతలా అంటుకుంది. అయస్కాంతం లాగాల్సిన పని లేని ఫెల్డ్‌స్పార్ ఆ పూత వల్ల రోల్‌కి అతుక్కుంటోంది. విడిగా ఉన్న ఇనుప నూగు బెల్టుకి అతుక్కుపోయి వెంట్రుకల్లా నిలబడి, రోల్‌కీ పొడికీ మధ్య అడ్డుపొర వేస్తోంది. ఆ పొర మీద నుంచి ఇల్మనైట్ జారిపోతోంది. కాన్సంట్రేట్ బరువు పెరగడానికీ రికవరీ, అంటే చేతికొచ్చిన ఇల్మనైట్ వాటా, పడిపోవడానికీ కారణం ఒక్కటే.

గుండ్లు తీసి కడిగి తూచాం. 12 కిలోల్లో 96 గ్రాములు తగ్గాయి. 24 కిలోల రాయిలో 96 గ్రాములంటే 0.4 శాతం. సిమెంటు రాయికైతే ఎవరూ లెక్కచేయని అంకె. పైగా మాగ్నటైట్ తీసే అయస్కాంతాన్ని మిల్లుకి ముందు పెట్టాను, తర్వాత పెట్టలేదు. పెట్టి ఉంటే అక్కడే పట్టుబడేది.

"చంద్రుడి మీద కూడా ఇనుము ఉంటుంది కదా మేడమ్?"

విషయం చెప్పగానే హైదరాబాద్ వాళ్ళు అడిగిన ప్రశ్న ఇది. మంచి ప్రశ్న. చంద్రుడి మట్టిలో నిజంగానే లోహపు ఇనుము ఉంటుంది, అర శాతం అటూఇటూ. గాలి లేని నేల మీద సూక్ష్మ ఉల్కలు, సౌర గాలి లక్షల ఏళ్ళు పడీపడీ పుట్టించిన ఇనుము అది. మా అంకె 0.4. కాగితం మీద చూస్తే అచ్చు సరిపోయినట్టే ఉంది. "అయితే ఇదే ఉంచేద్దాం, ఇంకా దగ్గరి నకలు అవుతుంది" అన్నాడు ఒక అబ్బాయి.

ఒప్పుకోలేదు. చంద్రుడి ఇనుములో ముఖ్యమైన భాగం నానోమీటర్ల గుళికలు, రేణువు మీది గాజు పొరలో పొదిగి ఉంటాయి. మా ఇనుము మైక్రాన్ల పూత, రేణువు పైన పులిమినట్టు ఉంది. అయస్కాంతం ముందు రెండూ ఒకేలా నడుచుకోవు. మైక్రోవేవ్‌లో పెడితే తేడా ఇంకా పెద్దది. చంద్రుడి మట్టి మైక్రోవేవ్‌లో త్వరగా వేడెక్కడానికి ఆ నానో ఇనుమే కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. మా పొడితో ఎవరైనా ఆ ప్రయోగం చేసి గొప్ప ఫలితం వచ్చిందని రాసుకుంటే అది చంద్రుడి గురించి కాదు, మా మిల్లు గుండ్ల గురించి రాసినట్టు. అంకె కలిసింది కదా అని సంబరపడితే, తర్వాత దాని మీద డిజైన్ చేసేవాళ్ళు మునుగుతారు. గంటసేపు ఫోన్‌లో మాట్లాడాక వాళ్ళూ ఒప్పుకున్నారు. 24 కిలోలూ పక్కన పెట్టేశాం. ఖర్చు మాది.

రెండోసారి

పింగాణీ జాడీ మిల్లు, అల్యూమినా గుండ్లు తెచ్చాం. విడతకి కిలోన్నర మాత్రమే పడుతుంది, మూడు గంటల పని తొమ్మిది గంటలు. సెప్టెంబరంతా జాడీ తిరుగుతూనే ఉంది. మిల్లు తర్వాత ఫెర్రైట్ పలక పెట్టాం, ఎందుకంటే క్రషర్ దవడలు కూడా స్టీలే. ప్రతి విడతకీ చిటికెడు పొడి మైలుతుత్తం గ్లాసులో వేసి పావుగంట చూడటం బాబాయ్ పని. ఒక్కటి కూడా ఎర్రబడలేదు.

అల్యూమినా గుండ్లు కూడా అరుగుతాయి. అది అయస్కాంతానికి తెలియదు, 950 డిగ్రీల హైడ్రోజన్‌కీ తెలియదు. కాబట్టి ఈ పనికి పరవాలేదు. అదే పొడిని కరిగించే ప్రయోగానికి వాడితే అల్యూమినా లెక్క మార్చేస్తుంది.

రోల్ మీద వంద గ్రాములకి ఈసారి వచ్చింది 15. ఫర్నేస్‌లో బరువు తగ్గింది 6.2 శాతం. లెక్క కడితే పది గ్రాముల ఇల్మనైట్‌లో దాదాపు 8.5 గ్రాములు చేతికొచ్చాయి. 10 గ్రాముల బోటుకి గొట్టంలో 0.70 గ్రాముల నీరు చేరాల్సింది, 0.67 చేరింది. ఆ నీటి బొట్లు గొట్టం చల్లటి చివర గాజు మీద కనిపించాయి, చిన్నవి, ముత్యాల్లా. రాయిలోంచి వచ్చిన ఆక్సిజన్ అది. షెడ్డులో అందరం ఒక్కొక్కరం వంగి చూశాం. బాబాయ్ చాలాసేపు చూశారు.

మొదటి ఫలితంకంటే కాన్సంట్రేట్ ఆరు గ్రాములు తక్కువ. అందులో పనికొచ్చేది దాదాపు రెట్టింపు.

డబ్బాల మీద అతికించిన కాగితం గురించి చివరి వాదన జరిగింది. "లూనార్ సిమ్యులెంట్" అని మాత్రం రాయమన్నారు. నేను ఇలా రాశాను: చీమకుర్తి గాబ్రో 90, బీచ్ ఇల్మనైట్ 10. క్రషర్ స్టీలు, మిల్లు పింగాణీ, గుండ్లు అల్యూమినా. అయస్కాంత విభజనకీ, హైడ్రోజన్‌తో నీరు తీసే ప్రయోగానికీ వాడొచ్చు. కరిగించి కరెంటు పంపే ప్రయోగానికి వాడొద్దు, ఫెల్డ్‌స్పార్‌లో చంద్రుడి కంటే సోడియం ఎక్కువ. యంత్రాల అరుగుదల పరీక్షకి వాడొద్దు, చంద్రుడి మట్టిలోని ముళ్ళముళ్ళ గాజు ముద్దలు ఇందులో లేవు. తెరిచాక 110 డిగ్రీల్లో ఒక రోజు ఆరబెట్టాలి.

ఇప్పుడు అదే బృందం ఇటుకలు చేద్దామంటోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్ళు 2020లో యూరియా, బ్యాక్టీరియా, గోరుచిక్కుడు గింజల జిగురు కలిపి సిమ్యులెంట్‌తో ఇటుకలు కట్టి చూపించారు. వీళ్ళు ఫర్నేస్‌లో కాల్చి చూడాలనుకుంటున్నారు, 1,100 డిగ్రీల దగ్గర. మిగిలిన డబ్బాలు వాడదామన్నారు, కాగితం చూపించాను. సోడియం ఎక్కువుంటే తక్కువ వేడికే మెత్తబడి ఇటుక లేనిపోని గట్టిదనం చూపిస్తుంది. సీతంపూండి రాయి కోసం ఉత్తరం రాశాం. అది వచ్చేలోపు జాడీ, గుండ్లు కడిగి ఓవెన్లో ఆరబెట్టాం. గుండ్లు తూచి, ఆ బరువు నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, కింద బాబాయ్, నేను సంతకాలు పెట్టాం.